మేనకోడలు నర్సవుతానంటే

అమెరికాలో, జార్జియాలోని కమ్మింగ్ తెలుగు ఇళ్లలో పన్నెండో క్లాసు చదివే పిల్లలుంటే ఆ ఏడంతా ఒకటే మాట: ఏ కాలేజీ, ఏ మేజర్. కంప్యూటర్ సైన్స్ అంటే ఎవరూ ఇంకేమీ అడగరు. మెడిసిన్ అంటే పిల్ల తల్లిదండ్రుల్ని మెచ్చుకుంటారు. నర్సింగ్ అంటే మాత్రం "మార్కులు సరిపోలేదా?" అంటారు. ఆ ప్రశ్న చుట్టూ ఒక అన్నకీ చెల్లెలికీ జరిగే వాదన ఇది. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. వాళ్లనే మాటలు మాత్రం ఫోర్సైత్ కౌంటీలో ఏ తెలుగింట్లోనైనా వినబడేవే. వాళ్లది గుంటూరు. అన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో డేటా పని చేస్తాడు. చెల్లెలు మైక్రోబయాలజీలో డిగ్రీ చేసి, పెళ్లయి హెచ్4 డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఇక్కడ ముందు రెండేళ్ల నర్సింగ్ చదివింది. ఉద్యోగం చేస్తూనే తర్వాత బీఎస్ఎన్ అనే నర్సింగ్ డిగ్రీ కూడా పూర్తి చేసింది. ఇప్పుడు అన్న పెద్దకూతురు మేనత్త దారిలో వెళ్తానంటోంది.

అన్నయ్య: నువ్వే దాని బుర్రకెక్కించావు. నువ్వు పడ్డ కష్టాన్ని ఎవరం తక్కువ చెయ్యం. నీకప్పుడు వేరే దారి లేదు, చేశావు. దానికేం తక్కువ? ఏపీ క్యాలిక్యులస్‌లో ఐదుకి ఐదు తెచ్చుకున్న పిల్ల బెడ్‌పాన్లు మోస్తానంటే తండ్రిగా నేను అడగకూడదా?

చెల్లెలు: అడగాల్సిందే అన్నయ్యా. కానీ ముందు ఒకటి సరిచెయ్యనీ. నాకు దారి లేక చెయ్యలేదు. 2015లో కొందరు హెచ్4 భార్యలకి ఉద్యోగం చేసుకునే వీలు ఇచ్చినప్పుడు నా స్నేహితులంతా టెస్టింగ్ కోర్సుల్లో చేరారు. మా ఆయనా అదే చెయ్యమన్నారు. నేను కావాలని వెళ్లి అనాటమీ క్లాసులో కూర్చున్నాను. ఇక బెడ్‌పాన్ల సంగతి. అది డాక్టర్ అవుతానంటే, "శవాల్ని కోస్తావా?" అని అడిగేవాడివా?

అన్నయ్య: డాక్టర్‌కి ఆ కోత మొదటి ఏడాదితో అయిపోతుంది. మీకు జీవితాంతం అదే పని. రాత్రి డ్యూటీలు, పన్నెండు గంటలు నిలబడటం. నడుం నొప్పికి నువ్వు వేసుకునే మాత్రలు నాకు తెలియవా?

చెల్లెలు: రెసిడెన్సీలో డాక్టర్లచేత వారానికి 80 గంటలు దాటి పని చేయించకూడదని 2003లో రూలు పెట్టాల్సి వచ్చింది. అంటే అంతకు ముందు ఎంత చేయించేవాళ్లో చూడు. మనం ఎరిగినవాళ్ల అబ్బాయి రెసిడెన్సీలో నిద్ర లేకుండా పని చేస్తున్నాడని వాళ్లమ్మ గుడిలో గర్వంగానే చెప్పింది, మనమూ గర్వంగానే విన్నాం. అదే నిద్రలేమి నర్సుకైతే జాలి పడతాం. నీకు నచ్చనిది కష్టం కాదన్నయ్యా. ముట్టుకోవడం.

అన్నయ్య: నువ్వు ఎక్కడికి తీసుకెళ్తున్నావో తెలుస్తోంది. కులం మాట తేకు. నేను అలా ఆలోచించను.

చెల్లెలు: ఆలోచించవు. ఆలోచించకపోయినా మన ఇంట్లో ఉండిపోయిందని నేనంటున్నా. అమెరికా నుంచి మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. 1898లో ఆసుపత్రి తెరిచింది. ఊళ్లో అందరికీ అది కుగ్లర్ ఆసుపత్రే. అమ్మ మనిద్దర్నీ కన్నది అక్కడే. అక్కడ అమ్మ ఒళ్లు తుడిచి, మనకి మొదటి స్నానం పోసిన సిస్టర్లు ఎవరు? ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు, వాళ్లలో చాలామంది మాల మాదిగ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. రక్తం, మలం, మూత్రం మైల అనుకున్న ఇళ్లవాళ్లు కాన్పులకి ఆ ఆసుపత్రికే వెళ్లారు. కూతుళ్లని మాత్రం అక్కడ పనికి పంపలేదు. సేవ తీసుకున్నాం, ఆ సేవ చేసినవాళ్లని ఒక మెట్టు కింద ఉంచాం. ఇక్కడికి వచ్చేటప్పుడు ఆవకాయ జాడీతోపాటు అది కూడా తెచ్చుకున్నాం.

అన్నయ్య: ఈ దేశంలో నర్సంటే అందరికీ గౌరవమేనంటావు.

చెల్లెలు: మొదట్నుంచీ ఏం లేదు. అట్లాంటాలో ఎమరీ నర్సింగ్ స్కూలు నెల్ హాడ్జ్‌సన్ వుడ్రఫ్ పేరు మీద ఉంది. ఆవిడ జార్జియాలోనే ఉన్న ఏథెన్స్‌లో నర్సింగ్ చదువుతూ 1912లో పెళ్లి చేసుకుని ఆ చదువు మానెయ్యాల్సి వచ్చింది. భర్త తర్వాత కోకాకోలా నడిపిన రాబర్ట్ వుడ్రఫ్. ఆవిడ పూర్తి చెయ్యలేకపోయిన చదువే ఇవాళ ఆవిడ పేరుతో చెబుతున్నారు. కేరళ వాళ్లనే చూడు. 1965 ఇమిగ్రేషన్ చట్టం తర్వాత అక్కడి నర్సులు ముందు వచ్చారు, భర్తలు వెనక వచ్చారు. షీబా జార్జ్ 2005లో వాళ్ల మీద పుస్తకమే రాసింది. డాలర్లు సంపాదించినా నర్సు అన్న చిన్నచూపు, నర్సు మొగుడన్న చిన్నచూపు చర్చి దాకా వెంటాడాయి. ఆ చిన్నచూపుని పక్కనపెట్టి మాట్లాడితేనే అసలు మాటలు బయటికొస్తాయి.

అన్నయ్య: సరే, పక్కన పెట్టాను. ఇప్పుడు నేను అడిగేదానికి చెప్పు. ఒక డాక్టర్ మందు రాస్తాడు, నర్సు ఇస్తుంది. దానికి నాలుగేళ్ల డిగ్రీ దేనికి?

(ఈ వాదన మొత్తంలో నాకు ముఖ్యమనిపించే ప్రశ్న ఇదే. మన ఆసుపత్రుల్లో నర్సు డాక్టర్ చెప్పిన పని చెయ్యడమే చూశాం. ఆలోచించడం చూడలేదు. అందుకే చెల్లెలి జవాబు పొడుగైనా కుదించడం లేదు.)

చెల్లెలు: ఒకరోజు మా వార్డులో ఒకాయన ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్లు, పొద్దున పెద్దపేగు ఆపరేషన్ అయింది. సర్జన్ మధ్యాహ్నం వచ్చి చూసి వెళ్లాడు. సాయంత్రం ఆరింటికి పైబీపీ 128 నుంచి 112కి దిగింది. నాడి 78. రెండూ మామూలు అంకెలే, ఏ అలారమూ మోగదు. కానీ మనిషి దుప్పటి కప్పుకుంటాడు, తీసేస్తాడు. "ఏదోలా ఉంది" అంటాడు. గంట గంటకీ మూత్రం తగ్గుతోంది. లోపల ఎక్కడైనా రక్తం కారుతుంటే ముందు గుండె వేగం పెరగాలి, బీపీ పడటం తర్వాత. మరి నాడి ఎందుకు పెరగలేదు? మందుల జాబితాలో మెటోప్రొలాల్ ఉంది. బీపీ కోసం ఏళ్ల తరబడి వేసుకుంటున్నాడు. ఆ మందు గుండె వేగాన్ని పెరగనివ్వదు. అంటే 78 చూసి ధైర్యపడకూడదు. చేతులు చల్లబడ్డాయా, పొట్ట గట్టిపడిందా, డ్రెయిన్‌లో ఏం వస్తోందో చూడాలి. రాపిడ్ రెస్పాన్స్ అనే అత్యవసర టీముని పిలవాలి. సర్జన్‌కి ఫోన్ చేసి ఏం జరుగుతోంది, వెనక ఏం జరిగింది, నాకేం అనుమానంగా ఉంది, మీరేం చెయ్యాలి అని అర నిమిషంలో చెప్పాలి. ఆ సమయంలో ఆయన పక్కనున్నది నేనొక్కదాన్నే. మందు ఇవ్వడం ఆ రోజు నేను చేసిన పనుల్లో తేలికైన పని.

అన్నయ్య: అది అనుభవం. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు చేసిన సిస్టర్‌కి డిగ్రీ లేకపోయినా మనిషి ముఖం చూస్తేనే తెలుస్తుంది.

చెల్లెలు: తెలుస్తుంది, నిజం. ఆవిడకి దణ్ణం పెడతాను. కానీ ఆ అనుభవం ఎవరి మీద వచ్చింది? మొదటి రోగిని చూసినప్పుడు ఆవిడకి తెలియలేదు కదా. ఆ మొదటి రోగి ప్రాణం మీదికి రాకూడదనే ఈ చదువు. ఇంకొకటి, "ఏదో తేడాగా ఉంది సార్" అంటే రాత్రి పూట సర్జన్ లేచి రాడు. ఎందుకు తేడాగా ఉందో చెబితే వస్తాడు. మన దేశంలో కూడా 1946లోనే వెల్లూరులో, ఢిల్లీలో డిగ్రీ నర్సింగ్ మొదలైంది. ఎవరికో సరదా పుట్టి మొదలుపెట్టింది కాదు. ఇక్కడ పాప ఏం చదవాలో తెలుసా? అనాటమీ ఫిజియాలజీ రెండు కోర్సులు, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్. వాటిలో మంచి గ్రేడ్లు వస్తే, చాలా చోట్ల టీస్ లాంటి ప్రవేశపరీక్ష కూడా రాస్తే, అప్పుడు నర్సింగ్‌లోకి తీసుకుంటారు. కాలేజీలో సీటు రావడం వేరు, నర్సింగ్ విభాగంలో సీటు రావడం వేరు. మందు డోసు లెక్కల పరీక్షలో నూటికి తొంభై వచ్చినా ఫెయిల్ చేసే స్కూళ్లున్నాయి. క్లాసుల పక్కనే ఆసుపత్రి వార్డుల్లో క్లినికల్స్. ఆఖర్న ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష.

అన్నయ్య: అక్కడే దొరికావు. ఎన్‌క్లెక్స్ రెండేళ్లు చదివినవాళ్లకీ అదే, నాలుగేళ్లు చదివినవాళ్లకీ అదే. లైసెన్సూ అదే ఆర్ఎన్. వార్డులో పనీ అదే. నువ్వే మొదట రెండేళ్లది చదివి ఉద్యోగంలో చేరావు. జార్జియాలో టెక్నికల్ కాలేజీలున్నాయి. నర్సే అవ్వాలంటే అటువంటి దారిలో తొందరగా అయిపోవచ్చు. మిగతా రెండేళ్లు యూనివర్సిటీకి కట్టే కప్పమా?

చెల్లెలు: పెన్సిల్వేనియాలో లిండా ఐకెన్ అని ఒక ప్రొఫెసర్, తనూ నర్సే. 2003లో 168 ఆసుపత్రుల లెక్కలు తీసింది. 2 లక్షల 32 వేల మంది ఆపరేషన్ రోగులు. డిగ్రీ ఉన్న నర్సులు పది శాతం ఎక్కువ ఉన్న ఆసుపత్రిలో రోగి చనిపోయే అవకాశం ఐదు శాతం తక్కువగా కనబడింది.

అన్నయ్య: నేను డేటా మనిషిని, నాకు చెప్పకు. డిగ్రీ నర్సులు ఎక్కడ ఎక్కువుంటారు? డబ్బున్న ఆసుపత్రుల్లో, టీచింగ్ ఆసుపత్రుల్లో. అక్కడ పరికరాలు బాగుంటాయి, సర్జన్లు బాగుంటారు. రోగి బతికింది నర్సు డిగ్రీ వల్లేనని ఎలా చెప్తావు? రెండూ ఒకేచోట ఉన్నంత మాత్రాన ఒకదానివల్ల ఇంకొకటి జరిగినట్టు కాదు.

చెల్లెలు: ఆసుపత్రి సైజు, టీచింగ్ అవునా కాదా, పరికరాలు, రోగుల జబ్బు తీవ్రత, అన్నీ సరిచేసే లెక్క కట్టారు. అయినా నీ అనుమానం పూర్తిగా పోదని ఒప్పుకుంటా. 2014లో యూరప్‌లో తొమ్మిది దేశాల్లో, 300 ఆసుపత్రుల్లో, 4 లక్షల 22 వేల మంది రోగుల మీద మళ్లీ చూశారు. దేశాలు వేరు, ఆసుపత్రులకి డబ్బొచ్చే పద్ధతులు వేరు. అక్కడా అదే దిక్కుకి వచ్చింది, ఈసారి ఏడు శాతం. నా సంగతి చెప్పనా? రెండేళ్ల చదువుతో పనిలోకి దిగినప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలుసు. డిగ్రీ చేశాక, ఎందుకు అలాగే చేస్తున్నారు, అది సరైనదేనా అని అడగడం వచ్చింది. పరిశోధన చదవడం, ఒక వార్డులో ఇన్‌ఫెక్షన్లు ఎందుకు పెరుగుతున్నాయో చూడటం, డిశ్చార్జి అయి ఇంటికెళ్లిన ముసలాయనకి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారా అని ఆలోచించడం. తొందరగా ఉద్యోగం కావలసిన తల్లులకి రెండేళ్ల దారి ఉండాలి, నేనూ అలాగే వచ్చాను. పాపకి ఆ తొందర లేదు.

అన్నయ్య: సరే, నీ ఐకెన్‌గారి మాటే తీసుకుందాం. యూరప్ లెక్కలో ఇంకొకటుంది. నువ్వు పోయినసారి పంపావు, నేను చదివాను. ఒక్కో నర్సుకి ఒక్కో రోగి పెరిగినకొద్దీ చనిపోయే అవకాశం ఏడు శాతం పెరుగుతుంది. అవునా? కాలిఫోర్నియా 1999లో చట్టం చేసింది, 2004 నుంచి అమలు చేస్తోంది. మామూలు వార్డులో నర్సుకి ఐదుగురికి మించి ఇవ్వకూడదు. జార్జియాలో అటువంటి చట్టముందా? లేదు. నాలుగేళ్లు చదివించి పిల్లని ఏడుగురు రోగుల మధ్య పరిగెత్తిస్తే ఆ చదువు ఎక్కడ వాడుతుంది? నువ్వు చెప్పిన ఆ మెటోప్రొలాల్ ముసలాయన దగ్గర నిలబడి ఆలోచించడానికి ఆ రోజు నీకు నిమిషాలు దొరికాయి. దొరకని రోజు?

చెల్లెలు: దొరకని రోజులున్నాయి. ఇంటికొచ్చాక కూడా, ఆ గదిలోకి ఇంకోసారి వెళ్లాల్సింది అని అనిపించే రోజులు. దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు.

అన్నయ్య: ఇంకోటి. టెనసీలో రాడోండా వాట్ అనే నర్సు 2017లో మత్తుమందుకి బదులు కండరాల్ని స్తంభింపజేసే మందు తీసింది. రెండు మందుల పేర్లూ ఒకే రెండక్షరాలతో మొదలవుతాయి, మందుల మిషన్‌లో ఆవిడ ఆ రెండే కొట్టింది. రోగి చనిపోయింది. 2022లో జ్యూరీ దోషి అంది. మూడేళ్లు ప్రొబేషన్. నా కోడ్‌లో తప్పొస్తే టికెట్ వేస్తారు. నీ తప్పుకి క్రిమినల్ కోర్టు.

చెల్లెలు: ఆ కేసు రోజుల్లో మా వార్డులో అందరం దాని గురించే మాట్లాడుకున్నాం. ఆవిడ దాటేసిన హెచ్చరికలు చాలా ఉన్నాయి. అయినా తప్పుని తనే వెంటనే చెప్పింది. చెప్పినందుకు జైలు భయం పెడితే రేపు ఎవరూ చెప్పరు. కెంటకీ 2024లో అటువంటి పొరపాట్లకి క్రిమినల్ కేసు నుంచి రక్షణ ఇస్తూ చట్టం చేసింది. ఇక్కడా అటువంటిది రావాలి, నర్సుకి ఇంతమందే అన్న చట్టం కూడా రావాలి. అవి ఎవరు తెస్తారు? చదువుకుని, లెక్కలు చూపించి అడగగలిగిన నర్సులే. పాపలాంటి వాళ్లు రాకపోతే అడిగేవాళ్లు తగ్గుతారు.

(అన్న చూపించిన లోటు నిజం. చెల్లెలి జవాబు ఆశ మాత్రమే. పదిహేడేళ్ల పిల్లని ఒక వ్యవస్థని బాగుచెయ్యమని పంపడం న్యాయమా అని నాకు అనుమానమే. కానీ ఆ భారం తెలిసి వెళ్లే పిల్లని ఆపడం కూడా నాకు న్యాయంగా తోచదు.)

అన్నయ్య: పోనీ, ఒక మధ్యదారి. నర్సింగ్ చేసి అనస్తీషియాకి వెళ్లమను. సీఆర్ఎన్ఏ. ఏడాది ఐసీయూ, ఆపైన మూడేళ్ల డాక్టరేట్, జీతం 2 లక్షల డాలర్లు దాటుతుంది. మామూలు నర్సుకి 2023 లెక్కల్లో దేశం మొత్తం మీద నడిమి జీతం 86 వేలు. అలా అయితే నాకు అభ్యంతరం లేదు.

చెల్లెలు: ఇది నాకు అన్నిటికన్నా బాధగా ఉందన్నయ్యా. చెయ్యొద్దని కాదు. నచ్చితే వెళ్తుంది. కానీ మొదటి రోజు నుంచే "ఈ మంచం పక్కనుంచి ఎప్పుడు బయటపడతాను?" అనుకునే నర్సు ఆ మంచం మీదున్న మనిషిని సరిగా చూడదు. నాన్నకి స్టెంట్ వేసిన రాత్రి గదిలో ఎవరున్నారు? రెండు లక్షల ఆవిడా? లేదు. 86 వేల ఆవిడ. ఆవిడకి తెలుగు రాదు, నాన్నకి ఇంగ్లీష్ రాదు. అయినా నాన్న నొప్పిని చేతివేళ్లతో పదికి ఎంతో చూపించమని నేర్పింది.

అన్నయ్య: ఆవిడని తక్కువ చెయ్యడం లేదు. నా కూతురు ఇంకా పైకి వెళ్లాలనుకోవడం తప్పా?

చెల్లెలు: తప్పు కాదు. అది పైకి, ఇది కిందికి అని మనమే గీత గీసి పిల్లకి చూపించడం తప్పు.

అన్నయ్య: సరే, ఇక అసలు సంగతి. ఇప్పటిదాకా నేను దాచుకున్నాను. పాప ఇక్కడ పుట్టలేదు. నాలుగేళ్లప్పుడు తీసుకొచ్చాం. నా గ్రీన్‌కార్డు క్యూ ఎప్పటికి కదులుతుందో నీకూ తెలుసు. 21 నిండగానే హెచ్4 పోతుంది, ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాలి. కంప్యూటర్ సైన్స్ చదివితే చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ మూడేళ్లు. నర్సింగ్ డిగ్రీకి ఒక్క ఏడాది. ఆపైన హెచ్1బీ ఉద్యోగ వీసా అంటే, రెండేళ్ల చదువుతోనే ఆర్ఎన్ లైసెన్సు వస్తోంది కాబట్టి ఆ ఉద్యోగానికి డిగ్రీ తప్పనిసరి కాదంటారు. వార్డు నర్సుకి హెచ్1బీ రావడం చాలా కష్టం. జార్జియా ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్ హెచ్4 పిల్లలకి రాదు. ఇది కులమా? మైలా? ఇది వీసా.

(చాలా ఇళ్లలో ఈ మాట ఆఖరికి గానీ రాదు. ముందు బెడ్‌పాన్లు, పరువు, నడుంనొప్పి అన్నీ అయ్యాక వస్తుంది. మొదటే వస్తే పిల్లలకి అది అవమానంలా కాక లెక్కలా వినబడుతుంది.)

చెల్లెలు: ఇందులో నువ్వన్న ప్రతి మాటా నిజమే. ఇంకొన్ని నిజాలు కూడా కలుపు. లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర ఈ దేశంలో మనుషులు చాలరని ముందే ఒప్పుకున్న వృత్తుల జాబితా ఒకటుంది. అందులో నర్సులు, ఫిజికల్ థెరపిస్టులు ఉన్నారు. ఆ గ్రీన్‌కార్డుకి లేబర్ సర్టిఫికేషన్ అక్కర్లేదు. ఆ గ్రీన్‌కార్డు వచ్చే ఈబీ3 కోటాలో ఇండియా క్యూ మాత్రం తప్పదు, అది పదేళ్ల పైమాటే, దాచను. కానీ బీఎస్ఎన్ చేతిలో ఉంటే కెనడాలో, ఐర్లాండ్‌లో, ఆస్ట్రేలియాలో ఆ చదువుకి విలువుంది.

అన్నయ్య: ఇక్కడ పెంచిన పిల్లని కెనడా పంపించనా?

చెల్లెలు: కంప్యూటర్ సైన్స్ చదివాక హెచ్1బీ లాటరీ మూడుసార్లూ తగలకపోతే ఎక్కడికి పంపిస్తావు? మన ఎరికలోనే ఆ పిల్లలు ఎంతమంది టొరంటో వెళ్లలేదు? వీసా ఏ చదువుకైనా ఉన్న గండమే. నర్సింగ్‌కి ఇంకొంచెం ఎక్కువ, ఒప్పుకుంటా. అది పాపకి అంకెలతో సహా చెప్పు. "పరువు" అని చెప్పకు. అది అంకెల్ని అర్థం చేసుకునే పిల్ల.

అన్నయ్య: చెప్పాక కూడా నర్సింగే అంటే?

చెల్లెలు: అప్పుడు ముందు చూడనీ. జార్జియాలో నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు కనీసం 85 గంటలు. అందులో కొన్ని గంటలు వృద్ధుల నర్సింగ్ హోంలో. హెచ్4 పిల్లలు జీతం తీసుకోకూడదు, కానీ కోర్సు చెయ్యొచ్చు. ఒంటిమీద స్పృహ లేని ముసలావిడని పక్కకి తిప్పి, వీపు మీద పుండు పడిందేమో చూసి, తడిసిన పక్క మార్చాలి. నువ్వన్న బెడ్‌పాన్ అదే. అది చేశాక కూడా కావాలంటే కావాలన్నట్టే. వద్దంటే నేనే పక్కన కూర్చుని కంప్యూటర్ సైన్స్ అప్లికేషన్ నింపిస్తాను.

అన్నయ్య: మీ వదిన ఒప్పుకోదు.

చెల్లెలు: వదిన పోయిన నెలే ఒప్పుకుంది. నిన్ను అడగమని నన్ను పంపింది.

అన్నయ్య: ... ఆ కోర్సు చెయ్యనీ. కానీ కావాలంటే మాత్రం నాలుగేళ్ల డిగ్రీయే. రెండేళ్లది వద్దు. నీ పెన్సిల్వేనియా లెక్క నాకింకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. కానీ ఆ సర్జన్‌కి ఫోన్ చేసి ఎందుకు రావాలో చెప్పాల్సింది అదే అయితే, దానికి తెలిసి ఉండాలి.